మా పెరటి గుడ్డు ఖరీదు

కోళ్లు పెంచుతున్నామని తెలిసిన ప్రతివారూ మొదట అడిగేది ఒకటే. "అయితే గుడ్ల ఖర్చు కలిసొచ్చినట్టేనా?" కలిసిరాలేదు, పెరిగింది. లెక్క చెబుతాను. మా పెరట్లో ఇప్పుడు ఐదు పెట్టలున్నాయి. ఒక్కొక్కటి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఐదింటికీ కలిపి నెలకు పదహారున్నర కిలోలు. కిలో 40 రూపాయల చొప్పున 660 రూపాయలు. ఏడాది మొత్తం మీద సగటు చూస్తే ఒక్కో పెట్ట రెండు రోజులకొక గుడ్డు పెడుతుంది కాబట్టి నెలకు 75 గుడ్లు వస్తాయి. అంటే దాణా ఒక్కటే గుడ్డుకు 9 రూపాయలకు దగ్గరగా పడుతోంది. గూడు కట్టిన వడ్రంగికి ఇచ్చింది, ఇనుప వల, టీకాలు, వరి ఊక, పొద్దునా సాయంత్రమూ ఇంటిల్లిపాదీ చేసే చాకిరీ ఇందులో కలపలేదు. మా వీధి చివర అంగట్లో గుడ్డు 7 రూపాయలు.

ఈ లెక్క విన్నాక చాలామంది మమ్మల్ని చూసి జాలిపడతారు. నాకు మాత్రం ఆ 9 రూపాయల్లో వింతేమీ కనిపించదు. దాణా ధర, కోడి తిండి, అది పెట్టగలిగిన గుడ్లు, మూడూ కళ్లముందే ఉన్నాయి. వింతంతా ఆ 7 రూపాయల్లోనే ఉంది. దాణా ఖర్చు, షెడ్డు అద్దె, కూలీలు, కరెంటు, లారీ కిరాయి, దుకాణదారు లాభం అన్నీ కలిపినా గుడ్డు 7 రూపాయలకు ఎలా వస్తోంది? మిగతా ఖర్చు ఎవరు భరిస్తున్నారు? పెరట్లో కోళ్లు తిరగడం మొదలైన తరువాతే ఈ ప్రశ్న మా ఇంట్లో అందరినీ పట్టుకుంది. నగరంలో నాలుగు గజాల మట్టి ఉన్న కుటుంబం కోళ్లు పెంచి చూడాలని నేను వాదించేది ఇందుకే. డబ్బు ఆదా అవుతుందని చెప్పను, ఆరోగ్యం వస్తుందనీ చెప్పను. మనం తినే గుడ్డు వెనుక ఉన్న పూర్తి ఖరీదు చేతికి తగలాలంటే ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

మేముండేది బెంగళూరు తూర్పున, రామమూర్తినగర్ వైపు. ఈ ఊళ్లో ఇళ్ల స్థలాలను ముప్పై నలభై, నలభై అరవై అని అడుగుల కొలతలతోనే చెప్పుకుంటారు. ముప్పై నలభైలో ఇల్లు కట్టాక తులసికోటకు కూడా మట్టి మిగలదు. మాది నలభై అరవైలో పాతకాలపు ఇల్లు. వెనుక సపోటా చెట్టు, దాని కింద కాస్త నేల ఉన్నాయి. మా అత్తగారిది కదిరి దగ్గర పల్లె. వేరుశనగ చేల మధ్య పెరిగిన మనిషి, చిన్నప్పటినుంచీ గంప కింద కోళ్లు మూయడం, పొద్దున్నే గంప ఎత్తడం అలవాటు. కోళ్లు తెద్దామని మావారు, మా అమ్మాయి ఉత్సాహపడినప్పుడు వెనక్కి లాగింది ఆవిడ ఒక్కరే. "సాయంత్రం అన్నీ గూట్లోకి చేరాయా లేదా అని లెక్క చూసే మనిషి ఇంట్లో ఉండాలి. అది రోజూ ఉండాలి. పండక్కి ఊరెళ్లినా ఉండాలి. అది ఎవరో చెప్పండి, తరువాత తెచ్చుకుందాం" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు కుదిరేదాకా కోడిపిల్లల్ని తేలేదు. కోళ్లు పెంచాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట కూడా అదే. గూడు నమూనాలు తరువాత చూసుకోవచ్చు, ముందు ఆ మనిషిని చూసుకోండి.

మేము తెచ్చుకున్నవి స్వర్ణధార జాతి పిల్లలు. గిరిరాజ, స్వర్ణధార రెండూ ఇక్కడే, హెబ్బాళ పశువైద్య కళాశాలలో రూపుదిద్దుకున్న పెరటి జాతులు. మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వనరాజ, గ్రామప్రియ వచ్చాయి. అచ్చమైన నాటు పెట్ట ఏడాదికి అరవై గుడ్లు పెడితే గొప్ప, పైగా నాలుగు నెలలకోసారి పొదగడానికి కూర్చుంటుంది. స్వర్ణధార 180 దాకా పెడుతుంది. ఫారాల్లో ఉండే తెల్లకోడి 300 దాటిస్తుంది. వీటన్నిటికీ మూలమైన ఎర్ర అడవికోడి ఏడాదికి పెట్టేది పది పదిహేను గుడ్లే. ఆ పదిహేనుకూ ఈ 300కూ మధ్య ఉన్న దూరాన్ని కోడి తన ఒంటితోనే నడిచింది. ఒక గుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాత్రిపూట పెంకు గట్టిపడే వేళకు తిన్నది చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. 300 గుడ్లంటే ఏడాదికి 600 గ్రాములకు పైగా కాల్షియం. ఆ కోడి మొత్తం బరువు కిలోన్నర. ఫారం కోళ్లలో ఎముకలు పెళుసుబారడం, రొమ్ము ఎముక విరగడం అందుకే అంత మామూలు.

ఇక పంజరాల సంగతి. మన దేశంలో లేయర్ కోడికి, అంటే గుడ్ల కోసం పెంచే ఫారం కోడికి, పంజరంలో చాలాకాలంగా దక్కుతూ వచ్చిన చోటు సాధారణంగా 450 చదరపు సెంటీమీటర్లు. ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆ కాగితంలో ముప్పావు వంతు కూడా కాదు. ఆ చోటులో కోడి ఏడాదికి పైగా నిలబడుతుంది, కూర్చుంటుంది, గుడ్డు పెడుతుంది. కింద తీగల వల తప్ప నేల ఉండదు. ఈ అంకె నేను ఎప్పుడో చదివాను. చదివినప్పుడు అది అంకె మాత్రమే. ఒక మధ్యాహ్నం మా పెట్ట ఒకటి సపోటా చెట్టు మొదట్లో గుంత చేసుకుని, పక్కకు ఒరిగి, ఒక రెక్క పూర్తిగా విప్పి, కాళ్లతో దుమ్ము ఎగజిమ్ముకుంటూ కళ్లు మూసుకోవడం చూశాక అది అంకెగా మిగల్లేదు. దుమ్ములో పొర్లడం కోడికి స్నానం. కోడిపేలు వదిలేది దానితోనే. తినడానికి ఎదురుగా దాణా ఉన్నా నేలను గెలుకుతూనే ఉంటుంది. గుడ్డు వచ్చే ముందు మరుగు కోసం వెతుక్కుంటుంది, చోటు దొరక్కపోతే అదోరకంగా గొణుగుతూ తిరుగుతుంది. ఇవేవీ దానికి విలాసాలు కావని నాకు ఇప్పుడు తెలుసు.

మన చట్టానికి కూడా ఇది తెలుసు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువును ఉంచడం నేరమని దాని 11వ సెక్షన్ స్పష్టంగానే చెబుతుంది. 2017 జూలైలో కేంద్ర న్యాయ కమిషన్ గుడ్లకోళ్ల, బ్రాయిలర్ల పెంపకం మీదే ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. అది 269వ నివేదిక. ఈ పంజరాల తీరును తప్పుపట్టి, కొత్త నియమాల ముసాయిదాను కూడా జతచేసింది. ఐరోపా సమాఖ్య ఇలాంటి బోసి పంజరాలను 2012 జనవరి నుంచి నిషేధించింది. మన దగ్గర కోడి ఇంకా ఆ కాగితం ముక్కమీదే ఉంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎగ్గొట్టి వాదించేవాళ్లంటే నాకు నచ్చదు. మనదేశంలో గుడ్డు సామాన్యుడి పళ్లెంలోకి వచ్చిందంటే ఆ ఘనతలో తెలుగువారి చెయ్యి పెద్దది. డాక్టర్ బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. దళారులు చెప్పిన ధరకు గుడ్లు అమ్ముకుని రైతులు చితికిపోతుంటే వారిని ఒక్కతాటి మీదికి తెచ్చి 1982లో నెక్‌ను, అంటే జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని, నిలబెట్టారు. తన గుడ్డు ధర తాను ప్రకటించుకునే హక్కు రైతుకు అప్పుడు వచ్చింది. ఈరోజు గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. 2021 చివర్లో కర్ణాటక ప్రభుత్వం ముందు ఉత్తర జిల్లాల్లో, తరువాత రాష్ట్రమంతటా బడి భోజనంలో గుడ్డు పెట్టడం మొదలుపెట్టింది. వద్దన్నవాళ్లకు అరటిపండు ఇస్తారు. మా ఇంట్లో పని చేసే అమ్మాయి కొడుకు ప్రభుత్వ బడిలో చదువుతాడు; గుడ్డు రోజున బడి మానడని ఆమె చెబుతుంది. గుడ్డు 12 రూపాయలైతే ఆ పథకం ఏమవుతుంది?

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఆ పిల్లవాడి గుడ్డు మీద ఒక్క రూపాయి పెరిగినా దాన్ని ప్రభుత్వమే, అంటే మనందరమే, భరించాలి. కానీ ఆ పిల్లవాణ్ణి అడ్డుపెట్టుకుని మనలాంటివాళ్లం చౌక గుడ్డు తినడం సరికాదు. హోటల్లో ఒక కాఫీకి 150 రూపాయలు మారుమాట లేకుండా ఇచ్చే కుటుంబాలకు గుడ్డు మీద ఐదు రూపాయలు పెరిగితే ఆకాశం విరిగిపడదు. కోడికి నేల, అడ్డకర్ర, గుడ్డు పెట్టుకునే గూడు ఇచ్చే రైతుకు ఆ ఐదు రూపాయలు చేరాలి. పెరట్లో నాలుగు పెట్టలున్నవాళ్లెవరూ ఆ రైతుతో బేరం చేయరు. దాణా బస్తా తెరిచిన ప్రతిసారీ వాళ్లకు లెక్క గుర్తొస్తుంది కాబట్టి.

ఖరీదులో అసలు బరువైన భాగం ఇంకా చెప్పలేదు. అది పుంజులు.

జాతరల్లో, బడుల దగ్గర బుట్టల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలను అమ్మడం అందరూ చూసే ఉంటారు. పదికో ఇరవైకో ఒకటి ఇస్తారు. పిల్లలు కొనిపించుకుంటారు, రెండు రోజుల్లో అవి చచ్చిపోతాయి. అవి దాదాపు అన్నీ మగపిల్లలే. గుడ్లజాతి హేచరీలో, అంటే గుడ్లు పొదిగించే చోట, పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చిన రోజే ఆడా మగా వేరుచేస్తారు. మగది గుడ్డు పెట్టదు, మాంసానికి బ్రాయిలర్‌లా ఒళ్లు చేయదు. దానికి దాణా పెట్టడం దండగ. అందుకని ప్రపంచమంతటా కోట్ల మగపిల్లలను పుట్టినరోజే చంపేస్తున్నారు. జర్మనీ 2022 జనవరి నుంచి దాన్ని నిషేధించింది. మన దగ్గర చావు తప్పించుకున్న కొన్ని రంగు నీళ్లలో మునిగి బుట్టల్లోకి వస్తాయి. మనం తినే గుడ్లు పెట్టే ప్రతి పెట్టకూ ఒక తమ్ముడు ఉండి ఉంటాడు. గుడ్డు 7 రూపాయలు కావడానికి వాడు లేకుండా పోవడం కూడా ఒక కారణం.

పెరట్లో పెంచితే ఈ లెక్కనుంచి తప్పించుకున్నట్టేనని చాలామంది అనుకుంటారు. తప్పించుకోలేరు, ఎదురుపడతారు. మేము తెచ్చిన తొమ్మిది పిల్లల్లో నాలుగు పుంజులు తేలాయి. ఆడా మగా తేల్చకుండా కలిపి ఇచ్చిన పిల్లల్లో సగానికి సగం పుంజులే అవుతాయి, అందులో వింత లేదు. రెండు నెలలు దాటేసరికి తురాయిలు ఎర్రబడ్డాయి, తోకలు వంపు తిరిగాయి. నాలుగో నెలలో గొంతు విరుచుకుని కూయడం నేర్చుకున్నాయి. తెల్లవారుజామున మూడున్నరకు ఒకటి మొదలుపెడితే నాలుగూ అందుకునేవి. ఒక మీటరు దూరంనుంచి కొలిస్తే పుంజు కూత 100 డెసిబెల్స్ దాటుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. మా మేడమీద అద్దెకున్న కుర్రాడు రాత్రి డ్యూటీ చేసి రెండింటికి వస్తాడు. అతని నిద్ర పాడుచేసే హక్కు నాకు లేదు. చీకటి పెట్టెలో మూసిపెడితే కూయదని కొందరు సలహా ఇస్తారు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుంజులను మసక వెలుతురులోనే రోజుల తరబడి ఉంచి, వెలుగుతో పని లేకుండా ఒంట్లోని గడియారాన్ని బట్టే అవి కూస్తాయని 2013లో తేల్చారు. పుంజుకు తెల్లవారడం బయటనుంచి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఏం చేయాలి? ఊళ్లో ఎవరికైనా ఇచ్చేద్దామంటే, బలిష్ఠమైన పుంజును ఉత్తినే తీసుకునేవాడు దాన్ని దేనికి తీసుకుంటాడో అందరికీ తెలుసు. పుంజులకు మన దగ్గర మర్యాద ఎక్కువ. కాకి, డేగ, నెమలి, సేతు అంటూ రంగు రంగుకూ ఒక పేరు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం, పల్నాటి యుద్ధం కథలో కోడిపందెం. ఆ మర్యాద అంతా చివరికి కాలికి కట్టే కత్తి దగ్గర తేలుతుంది. మా పుంజులు అక్కడికి వెళ్లకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం.

మేము మాంసం తినేవాళ్లం. మా అత్తగారు ఒక ఆదివారం ఉదయం సూటిగా అడిగారు. "వారం వారం అంగట్లో కోడి తెచ్చుకుంటున్నాం కదా. అది ఎలా పెరిగిందో చూశామా? ఇవి మన చెట్టు కింద, మన చేతి గింజలు తిని పెరిగాయి. వీటిని కోయడానికి మనసొప్పకపోతే దాన్ని తినడానికి ఎలా ఒప్పుతోంది?" నా దగ్గర జవాబు లేదు, మావారి దగ్గరా లేదు. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నేను తినను అవ్వా. మీరు తింటే కోపం రాదు" అంది. "తినకపోతే మానెయ్యి తల్లీ, తిని మరిచిపోవడం తప్పు గానీ" అన్నారు ఆవిడ. రాగి సంగటితో నాటుకోడి పులుసు మా ఇంట్లో ఎన్నోసార్లు వండుకున్నాం గానీ ఆరోజు వండినంత జాగ్రత్తగా ఎప్పుడూ వండలేదు, అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ తినలేదు. అప్పటినుంచి మా ఇంట్లో కోడికూర వారానికోసారి వండే వంట కాదు. మా అమ్మాయి ఇప్పటికీ మాంసం తినదు, గుడ్డు తింటుంది. ఆమె నిర్ణయాన్ని ఎవరూ ప్రశ్నించరు. మాంసం ముట్టని కుటుంబం కోళ్లు పెంచాలనుకుంటే పుంజుల విషయంలో మాకంటే గట్టిగా ఆలోచించుకోవాలి. ఎదిగిన పెట్టలనే చూసి తెచ్చుకోవడం వాళ్లకు ఒక దారి. అప్పుడు కూడా ఆ పెట్టల తమ్ముళ్ల లెక్క మరొకరి పెరట్లో తేలి ఉంటుందని మరవకూడదు. ఇంకొక మాట. గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. పుంజు లేకపోతే ఆ గుడ్డు పొదిగినా పిల్ల కాదు, అంతే. ఇది తెలియక నగరంలో ఎంతమంది ఇరుగుపొరుగుతో తగువులు తెచ్చుకుంటున్నారో!

ముసలి పెట్టల సంగతి కూడా ఇంతే. రెండో ఏడాది దాటాక గుడ్లు తగ్గుతాయి. ఈకలు రాల్చే కాలంలో అసలే ఉండవు. ఫారాల్లో ఏడాదిన్నర దాటగానే మందనంతా మాంసానికి పంపేస్తారు. పెరట్లో కోడి ఏడెనిమిదేళ్లు బతుకుతుంది. అంటే గుడ్డు పెట్టిన కాలంకంటే పెట్టని కాలానికే ఎక్కువ దాణా పోయాలి. ఇక్కడ మా అత్తగారికీ నాకూ అభిప్రాయాలు వేరు. గుడ్డు ఆగిన పెట్టను కోసుకోవడంలో తప్పు లేదని ఆవిడ అంటారు, పల్లెలో అలాగే చేసేవారు. ఎముకల్లోంచి కాల్షియం తీసి రెండేళ్లు మనకు పెట్టిన ప్రాణికి కూర్చుని తినే హక్కు ఉందని నేనంటాను. ప్రస్తుతానికి నా మాట నెగ్గింది. ఆ దాణా ఖర్చును నేను మొదట చెప్పిన లెక్కలో కలిపితే మా గుడ్డు ఆ 9 రూపాయలకు రెట్టింపు దాటి తేలుతుంది. తేలనివ్వండి.

పెరటి గుడ్డు గురించి చెప్పుకునే గొప్పలు కొన్ని ఉన్నాయి, వాటిని నేను మోయలేను. పచ్చసొన ఎర్రగా ఉంటే బలమెక్కువ అంటారు. సొన రంగు కోడి తిన్న ఆకులను, మక్కజొన్నను బట్టి వస్తుంది. బలానికి అది కొలత కాదు. పెంకు గోధుమరంగులో ఉంటే నాటు గుడ్డని రెట్టింపు ధరకు అమ్ముతారు. పెంకు రంగు జాతిని బట్టి వచ్చేదే, ఫారంలో పెరిగే గోధుమరంగు గుడ్ల కోళ్లూ ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం మట్టి. మన ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పెట్రోలులో సీసం 2000 సంవత్సరం దాకా కలిపారు. పాత గోడలనుంచి రాలిన పెచ్చులు, పాత రోడ్డు పక్కన పేరుకున్న దుమ్ము నేలలో అలాగే ఉంటాయి. సీసానికి కుళ్లిపోవడం లేదు. కోడి రోజంతా ఆ నేలనే గెలికి తింటుంది, తిన్నది గుడ్డులోకి వస్తుంది. విదేశీ నగరాల్లో పెరటి కోళ్ల గుడ్లను పరీక్షించినప్పుడు ఇది బయటపడింది. అందుకే మేము గోడవారగా ఉన్న పైమట్టి తీసేసి, కొత్త మట్టి పోయించి, పాత ప్రహరీ వైపు కోళ్లు వెళ్లకుండా వల కట్టాం. ఇంటి గుడ్డు కాబట్టి శుద్ధమైనదని గుడ్డిగా నమ్మి పసిపిల్లలకు పెట్టేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

తడిచెత్త సమస్య తీరుతుందన్న మాట కూడా సగమే నిజం. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఆకుకూర కాడలు ఐదు పెట్టలు ఇష్టంగానే తింటాయి. ఉల్లితొక్కలు, ఊరగాయ ముక్కలు, బూజు పట్టిన రొట్టె వాటికి వేయకూడదు. కాబట్టి ఆకుపచ్చ చెత్తబుట్ట మా గుమ్మంలో ఇంకా ఉంది, రోజూ బండి వస్తుంది.

ఇక రోగాలు. నగరంలో కోళ్లు వద్దనేవాళ్ల భయాల్లో నేను పూర్తిగా గౌరవించేది ఇదొక్కటే. కొక్కెర తెగులు వస్తే పెరట్లో ఒక్క కోడి మిగలదు. మెడ తిరిగిపోతుంది, ఆకుపచ్చగా పారుతుంది, రెండు మూడు రోజుల్లో అంతా అయిపోతుంది. దానికి మందు లేదు, టీకా ఉంది. మొదటి వారంలో కంట్లో చుక్క, రెండు నెలలకు రెక్క కింద సూది. చవకే. కానీ ఆ సీసా వందల పక్షులకు సరిపడే మోతాదులో వస్తుంది, చల్లగా ఉంచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఐదు కోళ్లున్న ఇంటికి ఈ ఏర్పాటు ఎక్కడా సరిపోదు. పెరటి కోళ్లకు టీకా పడకపోవడానికి కారణం బద్ధకమని పెద్ద ఫారాలవాళ్లు అంటుంటారు. నా దృష్టిలో కారణం ఆ సీసా పరిమాణమే. చిన్న మోతాదుల్లో టీకా తయారుచేసి ప్రతి పశువైద్యశాలలో ఉంచాలి. టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెబ్బాళలోనే ఉన్న ఊళ్లో ఇది గొంతెమ్మ కోరిక కాదు.

బర్డ్ ఫ్లూ ఇంకా పెద్ద సంగతి. మనదేశంలో అది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2012లో మన పొలిమేరలోని హెసరఘట్ట కేంద్ర కోళ్ల కేంద్రంలోనే టర్కీ కోళ్లకు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో లక్షల కోళ్లు పోయాయి. వ్యాధి తేలితే ఆ చోటినుంచి కిలోమీటరు పరిధిలో ఉన్న పెంపుడు పక్షులన్నిటినీ చంపేస్తారు, పెరటి కోళ్లకు మినహాయింపు ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి దాణా, నీళ్లు పైకప్పు కింద పెట్టి పావురాలూ కాకులూ వాలకుండా చూడటం, గూట్లోకి వెళ్లే చెప్పులు వేరుగా ఉంచడం, ఒకేసారి రెండు కోళ్లు చనిపోతే దాచకుండా పశువైద్యుడికి చెప్పడం పెంపకంలో భాగమే. చచ్చిన కోడిని రాత్రివేళ ఖాళీ సైటులోకి విసిరేసేవాళ్లు కోళ్లు పెంచడానికి తగరు. ఊక పొడిగా ఉంచితే వాసన రాదు, ఈగలు రావు. తడిస్తే రెండూ వస్తాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడే ఇక్కడి వానల్లో మేము వారానికోసారి ఊక మారుస్తాం, ఆ పని మావారిది. పక్కింటి అజ్జి గోడమీదినుంచి చూసి, ఊక తడిగా కనిపిస్తే నాకంటే ముందు ఆయన్నే పిలుస్తారు.

రాత్రి గూడు విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. బెంగళూరులో కోడికి గద్దలకంటే, పిల్లులకంటే పెద్ద శత్రువు పందికొక్కు. కోళ్లవల అని అమ్మే సన్నతీగ వలను అది కొరికేస్తుంది, లేదా కిందినుంచి తవ్వుకుని వస్తుంది. అరంగుళం కన్నాల వెల్డింగ్ వలను అడుగు లోతు దాకా నేలలో పాతించాలి. కోడిపిల్లలను శీతాకాలంలో తెస్తే మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఎల్ఈడీ దీపం వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు, పాతకాలపు ఫిలమెంటు బల్బు వెతికి తెచ్చుకోండి.

టీకా సీసా సమస్యకు మాకు దొరికిన ఉపాయం ఇరుగుపొరుగే. చుట్టుపక్కల కోళ్లున్న నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకుని అందరి పక్షులకూ ఒకే రోజు వేయిస్తున్నాం. ఖర్చు పంచుకుంటాం, పశువైద్యుణ్ణి ఒక ఇంటికే పిలుస్తాం, కోళ్లను గంపల్లో అక్కడికే తెచ్చుకుంటాం. అలా చేసినా సీసాలో మందు ఇంకా చాలా మిగులుతుంది, పారబోయాల్సి వస్తోంది. హొరమావు, రామమూర్తినగర్, కె.ఆర్. పురం వైపు ఎవరైనా కోళ్లు మొదలుపెట్టాలనుకుంటుంటే పిల్లల్ని తెచ్చుకోకముందే ఒకసారి మా ఇంటికి రండి. టీకా తేదీ చెబుతాం, గూడు చూపిస్తాం, దాణా బస్తా ఎక్కడ తక్కువకు దొరుకుతుందో చెబుతాం. పుంజులు తేలితే ఏం చేస్తారో మాత్రం ఇంట్లో అందరూ కలిసి అనుకుని రండి. మా అత్తగారు మొదట అడిగేది అదే.